తుపాకి నీడలో నవ్వు

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉత్సవంలో హాస్యాన్ని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యవర్గంవారు కోరగా మేము సంతోషంగా ఒప్పుకున్నాము. తీరా మేము ఎంచుకున్న విషయం సైనిక జీవితంలో హాస్యం అని తెలిశాక మా ఇంట్లోవాళ్లే ముక్కున వేలేసుకున్నారు. "తుపాకులూ ఫిరంగులూ పేలేచోట హాస్యమేమిటి? మనుషులు చచ్చిపోతూంటే నవ్వటం పాపం కాదూ?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆ ప్రశ్నకు మాకు చేతనైన జవాబు చెప్పటానికే ఇక్కడ నిలబడ్డాము.

ముందు మన ఇంట్లోనే వెతుకుదాం. బుర్రకథ చూసిన పెద్దలు ఈ సభలో ఉన్నారు. చూడని పిల్లలకోసం చెప్తున్నాము. నడుమ తంబురా పట్టుకొని కథకుడు నిలబడతాడు. అటొకరు, ఇటొకరు డక్కీలు వాయిస్తూ వంత పాడతారు. ఆ ఇద్దరిలో ఒకరి పని హాస్యం చెప్పటం. చెప్పే కథ ఏమిటయ్యా అంటే బొబ్బిలి యుద్ధం. 1757 జనవరిలో కోట మొత్తం రక్తపు మడుగైన కథ. లేదా పలనాటి యుద్ధం, కాకపోతే అల్లూరి సీతారామరాజు కథ. ఏడిపించే ఘట్టం దగ్గరపడుతున్నదనగా హాస్యగాడు ఒక మాట విసురుతాడు. జనం పకపకా నవ్వుతారు. ఆ నవ్వు చల్లారకముందే కథకుడు కత్తి దూస్తాడు. తోలుబొమ్మలాటలోనూ ఇంతే. తెరమీద రామరావణ యుద్ధం సాగుతూండగా కేతిగాడు, బంగారక్క ఊడిపడి తగవులాడుకుంటారు. యుద్ధం కథ తెల్లవార్లూ వినాలంటే నడుమ నవ్వు ఉండాలని మన ముందువాళ్లకు తెలుసు. కథ వినేవాళ్లకే అంత అవసరమైతే, ఆ యుద్ధంలో ఉన్నవాళ్లకు ఎంత అవసరమో ఆలోచించండి.

ఇక తిక్కనగారి విరాటపర్వంలో ఉత్తరకుమారుడున్నాడు. కౌరవులు ఆవులమందను తోలుకుపోతే, అంతఃపురంలో ఆడవాళ్లముందు నిలబడి, సారథి దొరికితే చాలు అందరినీ చీల్చి చెండాడుతానన్నాడు. బృహన్నల రథం తోలింది. తీరా సముద్రంలాంటి ఆ సైన్యాన్ని చూసేసరికి రథం దిగి పరుగు లంకించుకున్నాడు. జడ ఎగురుతూండగా బృహన్నల వెంటపడి పట్టుకుంది. అది చూసి కౌరవ సైనికులు కూడా నవ్వారట. ఈనాటికీ కోతలు కోసేవాణ్ణి చూస్తే "ఉత్తరకుమార ప్రగల్భాలు" అంటాము. కాని కథలో తరువాత జరిగింది మనం అంతగా గుర్తుంచుకోము. అర్జునుడు అతన్ని తిట్టలేదు, కొట్టలేదు. ధైర్యం చెప్పి రథం తోలమన్నాడు. ఆ ఉత్తరుడే కురుక్షేత్రంలో మొదటినాడు శల్యునితో తలపడి వీరమరణం పొందాడు. భయపడటం, భయపడ్డందుకు నవ్వులపాలు కావటం, మళ్లీ నిలదొక్కుకోవటం, ఈ మూడూ ఒకే మనిషికి జరిగినవి. సైన్యంలో హాస్యానికి అర్థం ఇక్కడే దొరుకుతుందని మాకు తోస్తున్నది.

సైనికుడి బరువు గురించి చెప్పాలంటే మనందరికీ ముందు గుర్తొచ్చేది ప్రాణభయం. కాని అనుభవమున్నవాళ్ల నడిగి చూడండి. పోరాడే గంటలు కొన్నే. ఎదురుచూసే రోజులే ఎక్కువ. నిద్ర చాలదు. తిండి రుచించదు. ఎందుకో తెలియని ఆజ్ఞకు "చిత్తం" అనాలి. ఇల్లు వందల మైళ్ల దూరం. పక్కవాడు నిన్న ఉన్నాడు, ఇవాళ లేడు. పైగా "నాకు భయంగా ఉంది" అని నోరు విప్పి చెప్పటానికి వీల్లేదు. ఆ మాటను నవ్వుగా మార్చి చెప్తేమాత్రం ఎవరూ తప్పుపట్టరు. వినేవాడికీ ఆ భయమే ఉన్నది గనుక వాడూ నవ్వుతాడు. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసిపోతుంది, ఇద్దరి పరువూ నిలుస్తుంది.

మొదటి ప్రపంచయుద్ధంలో బెల్జియం దేశపు ఈప్ర పట్టణం ఫిరంగి దెబ్బలకు శిథిలమైపోయింది. ఆ పేరు నోరు తిరగక ఇంగ్లీషు సిపాయిలు "వైపర్స్" అనేవారు. ఫ్రెడ్ రాబర్ట్స్ అనే కెప్టెను, జాక్ పియర్సన్ అనే లెఫ్టినెంటు ఆ శిథిలాల్లో దిక్కులేకుండా పడివున్న ఒక అచ్చుయంత్రాన్ని చూశారు. పటాలంలో పూర్వం అచ్చుపని చేసిన సార్జెంటు ఒకడున్నాడు. ఇంకేం! 1916 ఫిబ్రవరిలో "వైపర్స్ టైమ్స్" అనే పత్రిక వెలువడింది. దానినిండా దొంగ ప్రకటనలు, వెక్కిరింపు వార్తలు, పేరడీ పద్యాలు. యుద్ధం ఇదిగో అయిపోతోంది అని నమ్మేవాళ్లది ఒక జబ్బనీ, దానికి చికిత్స ఉందనీ చెప్పే ప్రకటన ఒకటి. ఇంట్లో కుర్చీలో కూర్చొని యుద్ధాన్ని వర్ణించే పెద్ద పత్రికల విలేకరులమీద పరిహాసాలు మరికొన్ని. శత్రువును తిట్టింది తక్కువ, తమ అవస్థను తామే వెక్కిరించుకున్నది ఎక్కువ. పేరు మార్చుకుంటూ ఆ పత్రిక 1918 చివరిదాకా వచ్చింది.

ఆ కాలంలోనే బ్రూస్ బెయిర్న్స్‌ఫాదర్ అనే సైనికాధికారి బొమ్మలు వేశాడు. ఈయన పుట్టింది 1887లో, ఆనాటి హిందూదేశంలోని మరీ పట్టణంలో. ఈయన సృష్టించిన గుబురు మీసాల ముసలి సిపాయి ఓల్డ్ బిల్‌ను ఎరుగనివాడు ఆ సైన్యంలో లేడు. 1915 నాటి ఒక బొమ్మ ప్రపంచమంతా తెలిసినది. గుళ్లవర్షంలో ఇద్దరు ఒక గుంటలో ముడుచుకుని ఉంటారు. ఒకడు సణుగుతూంటే, ఇంతకన్న మంచి గుంట ఎక్కడైనా ఉంటే అక్కడికే దయచేయవయ్యా అని బిల్ విసుక్కుంటాడు. ఇంతే సంగతి! మన పల్లెల్లో వానకు కారే పాకలో కూర్చొని ముసలాయన ఈ మాటే అనడూ? సిపాయిలను ఇంత మోటుగా చూపిస్తారా అని గిట్టనివాళ్లు కొందరు ఆక్షేపించారు. ఆఖరికి సైన్యమే ఆయనకు బొమ్మలు వేసే ఉద్యోగం ఇచ్చి మిత్రదేశాల సేనల దగ్గరకు కూడా పంపింది.

రెండవ యుద్ధంలో అమెరికా సైన్యంలో బిల్ మాల్డిన్ అనే కుర్రవాడు విల్లీ, జో అనే ఇద్దరు సిపాయిల బొమ్మలు వేసేవాడు. మాసిన గడ్డాలు, బురదబట్టలు, నిద్రలేని కళ్లు. జనరల్ పాటన్‌కు ఇవి నచ్చలేదు. క్రమశిక్షణ చెడుతుందని 1945లో ఆ కుర్రవాణ్ణి పిలిపించి మందలించాడు. కుర్రవాడు నిలబడి విన్నాడు, తిరిగివెళ్లి మళ్లీ అలాగే వేశాడు. సర్వసేనాని ఐసెన్‌హోవర్ అడ్డుచెప్పలేదు. ఆ ఏడే అతనికి పులిట్జర్ బహుమానం వచ్చింది, అప్పటికి వయస్సు 23. పెద్ద అధికారులమీద సిపాయి వేసే జోకు తిరుగుబాటుకు దారి తీస్తుందనే భయం పాటన్‌గారిది. ఆ జోకు వేసుకున్నవాడే మర్నాడు లేచి ఆజ్ఞ పాటించగలడనేది మాల్డిన్ నమ్మకం. మేము మాల్డిన్ పక్షం.

ఇప్పుడు మన గడపకు వద్దాం. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పతనమైంది. వేలాది బ్రిటిషు, ఆస్ట్రేలియా సైనికులు ఖైదీలై చాంగీలో పడ్డారు. ఆకలి, విరేచనాలు, మలేరియా. అటువంటిచోట వాళ్లు నాటక సమాజాలు పెట్టుకున్నారు. గోనెగుడ్డలతో తెరలు, దొరికిన పేలికలతో దుస్తులు. ఆడవేషాలు మగవాళ్లే వేసేవారు. మన స్థానం నరసింహారావుగారి సత్యభామను తలచుకుంటే మనకిది వింతగా తోచదు. అక్కడినుంచి సయాం-బర్మా రైలుమార్గానికి తరలించాక కూడా చుంకాయివంటి శిబిరాల్లో వెదురుబొంగులతో రంగస్థలాలు కట్టి ప్రహసనాలాడారు. నాటకం చూసిన రాత్రి రోగుల మూలుగు కొంచెం తగ్గేదట.

రోనాల్డ్ సెర్ల్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు ఆ ఖైదీలలో ఒకడు. తరువాతి కాలంలో సెయింట్ ట్రినియన్స్ అల్లరిపిల్లల బొమ్మలతో లోకాన్ని నవ్వించినవాడు ఈయనే. ఆ రైలుమార్గంమీద చావుబ్రతుకుల మధ్య రహస్యంగా బొమ్మలు వేస్తూ, కలరా రోగుల పడకలకింద దాచేవాడు. కాపలావాళ్లు భయపడి అక్కడికి వచ్చేవారు కారు. ఆ బొమ్మలు ఈనాడు లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉన్నాయి. 1986లో పుస్తకంగా కూడా వచ్చాయి.

సభాసదులారా, ఇక్కడ కాస్త ఆగుదాం. ఆ 415 కిలోమీటర్ల మార్గంమీద పనిచేసిన యుద్ధఖైదీలు 60 వేలకు పైబడి. చనిపోయినవారు 12 వేలకు మించి. అదే మార్గంమీద పనిచేసిన ఆసియా కూలీలు రమారమి 2 లక్షలమంది. వారిలో చనిపోయినవారు 90 వేలదాకా ఉంటారని అంచనా. మలయా తోటలనుంచి తీసుకుపోయినవారిలో తమిళులు ఎక్కువ. మన తెలుగువాళ్లూ ఉన్నారు. విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాలనుంచి కంగాణీల వెంట వచ్చి రబ్బరుపాలు తీసుకుంటూ, కొబ్బరితోటల్లో పనిచేసుకుంటూ బ్రతికినవాళ్లు. వీళ్లు సిపాయిలు కారు. తుపాకి పట్టలేదు, జీతం పుచ్చుకొని యుద్ధానికి పోలేదు. అయినా సైనిక శాసనంకింద బ్రతికారు, సైనికుల తుపాకి నీడలో చచ్చారు. వాళ్లకు పటాలం లేదు, వెంట వైద్యుడు లేడు. వాళ్లు నవ్వుకున్న నవ్వులు రాసిపెట్టిన సెర్ల్ లేడు, దాచిపెట్టిన మ్యూజియం లేదు.

అయితే వాళ్లు నవ్వలేదా? నవ్వారు. ఆ సంగతి మా ఇంటి అనుభవంతో చెప్పగలము. మా తాతగారు సయాం వెళ్లి తిరిగివచ్చిన కొద్దిమందిలో ఒకరు. పిల్లలం చుట్టూ చేరి కథ చెప్పమంటే, "ఒరే, అంత పొడుగు రైలుదారి మేము వేశాం గాని, ఒక్కడూ టిక్కెట్టిచ్చి బండి ఎక్కించలేదురా! వచ్చేటప్పుడు కూడా సగందూరం నడిపించారు" అనేవారు. గంజిలో మెతుకు కనబడితే నలుగురూ చేరి దానికి నమస్కారం పెట్టేవాళ్లమనీ, ఎవరి గిన్నెలో రెండు మెతుకులు పడితే వాడే ఆపూటకు జమీందారనీ చెప్పేవారు. మేము పడిపడి నవ్వేవాళ్లం. ఆయన నవ్వుతూనే లేచి పెరట్లోకి వెళ్లిపోయేవారు. చాలాసేపటిదాకా లోపలికి వచ్చేవారు కారు. ఆయన పోయిన చాలాకాలానికి మా నాయనమ్మ ఒకరోజు చెప్పింది. ఆయన వెంట తమ్ముడు కూడా వెళ్లాడట. ఆ గంజి నమస్కారం మొదలుపెట్టింది ఆ తమ్ముడేనట. ఆయన తిరిగిరాలేదు.

మేము అన్నేళ్లూ ఆ జోకుకు నవ్వాము. ఆ చిన్నతాత పేరు ఒక్కసారైనా అడగలేదు.

ఈ మాట మిమ్మల్ని బాధపెట్టటానికి చెప్పలేదు. హాస్యం ఏం చేయగలదో, ఏం చేయలేదో ఇందులో ఉంది. ఆ రోజు గంజి తాగటానికి అది సాయం చేసింది. మర్నాడు పలుగు ఎత్తటానికి సాయం చేసింది. ఏళ్ల తరువాత తమ్ముణ్ణి తలచుకోవటానికి అది ఒక్కటే దారి అయింది. దుఃఖాన్ని మాత్రం పోగొట్టలేదు. స్పైక్ మిల్లిగన్ అనే హాస్యనటుణ్ణి పెద్దలు ఎరుగుదురు. 1918లో మహారాష్ట్రలోని అహమద్‌నగర్‌లో, నేటి అహల్యానగర్‌లో, పుట్టాడు. 1944లో ఇటలీలోని కసీనో యుద్ధంలో గాయపడి, మనస్సు కూడా చెదిరిపోయింది. ఆ తరువాత సైనికులను వినోదపరిచే బృందంలో చేరాడు. యుద్ధానంతరం రేడియోలో "గూన్ షో"తో ఒక దేశాన్నంతా నవ్వించాడు. ఆయన మాత్రం జీవితాంతం మనోవ్యాధితో బాధపడ్డాడు. నవ్వించేవాడికి బాధ లేదనుకోవటం పెద్ద పొరపాటు.

శాస్త్రజ్ఞులు కూడా ఈ విషయం పరిశీలించారు. రాబిన్ డన్‌బార్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు 2011లో కొన్ని ప్రయోగాలు ప్రకటించారు. హాస్యచిత్రం చూసి కడుపారా నవ్వినవాళ్లు, అంతకుముందుకన్న ఎక్కువ నొప్పిని ఓర్చుకోగలిగారు. చప్పని చిత్రం చూసినవాళ్లలో ఆ మార్పు రాలేదు. నలుగురితో కలిసి నవ్వేటప్పుడు మెదడులో నొప్పిని తగ్గించే రసాయనాలు పుడతాయని వారి అభిప్రాయం. నాజీ చెరసాలలనుంచి బ్రతికి బయటపడ్డ వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ కూడా, తోటి ఖైదీతో కలిసి రోజుకొక నవ్వు కథ కల్పించాలని నియమం పెట్టుకున్నానని రాశాడు. విడుదలయ్యాక విందుకు పోయి, అలవాటు చొప్పున, గంటె అడుగుదాకా పెట్టి సూపు వడ్డించమని ఇంటామెను బ్రతిమాలతామేమో అని నవ్వుకునేవారట. అడుగున ఉంటేనే కదా నాలుగు గింజలు దొరికేది! మా తాతగారి మెతుకు, ఆయన గింజ ఒక్కటే. ఎన్ని వేల మైళ్ల దూరమైనా ఆకలి జోకు మారదు.

అయితే నవ్వులన్నీ మంచివి కావు. నెల్లూరి మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన కథ మీరు వినేవుంటారు. కవి తిక్కనకు సోదరవరుస. కాటమరాజు పక్షంవారితో యుద్ధంలో ఓడి ఇంటికి తిరిగివచ్చాడు. భార్య స్నానానికి ఆడవాళ్లకు పెట్టినట్లు మంచం చాటుపెట్టి, పసుపుముద్ద ఉంచిందట. తల్లి విరిగిన పాలు వడ్డించిందట. అతడు తిరిగివెళ్లి యుద్ధంలో చనిపోయాడు. దీన్ని వీరమాతల కథగా మనం గొప్పగా చెప్పుకుంటాము. కాని ఎప్పుడైనా ఆ భోజనం దగ్గర కూర్చున్న అలసిన మనిషివైపునుంచి ఆలోచించామా? ఉత్తరకుమారుణ్ణి చూసి నవ్విన తరువాత అర్జునుడు చెయ్యందించాడు. ఇక్కడ చెయ్యందించినవాళ్లు లేరు. బ్యారక్కుల్లో కొత్తగా వచ్చిన కుర్రవాడి యాసను, రంగును, పిరికితనాన్ని పట్టుకొని పదిమంది ఆడించే ఆటకూడా ఈ రెండో రకమే. దాన్ని హాస్యమనకూడదు. తమ తిండిమీద, తమ బురదమీద, తమ భయంమీద, తమ పైఅధికారిమీద వేసుకునే జోకు బరువు దించుతుంది. అందరికన్న కిందనున్నవాడిమీద వేసే జోకు ఉన్న బరువంతా వాడొక్కడి నెత్తిన పెడుతుంది.

ఈ దేశపు సైన్యంలోనూ, పోలీసుదళంలోనూ మన కుటుంబాల పిల్లలున్నారు. సెలవుమీద ఇంటికి వచ్చినప్పుడు శిబిరంలో అన్నం గురించీ, సార్జెంటు గొంతు గురించీ వాళ్లు చెప్పే కబుర్లకు హాయిగా నవ్వండి. అది వాళ్లకు మందు. "ఎప్పుడూ వేళాకోళమేనా" అని విసుక్కోకండి. కాని నవ్వు ఆగిన తరువాత వెంటనే లేచి వెళ్లిపోకండి. ఇంకొక కాఫీ పొయ్యండి. కాస్త కూర్చోండి. ఆ జోకులో ఎవరెవరున్నారో, వాళ్లిప్పుడెలా ఉన్నారో మెల్లగా అడగండి. చెప్తే వినండి. చెప్పకపోతే ఊరుకోండి. అడిగినవాళ్లున్నారన్న సంగతి వాళ్లకు తెలిస్తే చాలు.

చివరగా ఒక మనవి. సయాం వెళ్లివచ్చిన మన పెద్దలు వెళ్లిపోయారు. వాళ్ల మాటలు విన్న కొడుకులు, కూతుళ్లు, కోడళ్లు ఇంకా ఉన్నారు, ఈ సభలోనే ఉన్నారు. వాళ్లకు తేదీలు గుర్తుండకపోవచ్చు. ఊళ్ల పేర్లు గుర్తుండకపోవచ్చు. కాని జోకు గుర్తుంటుంది. ముందు దాన్నే చెప్పమనండి. వచ్చిన భాషలో, వచ్చిన లిపిలో రాసుకోండి. తెలుగు రాకపోతే మలాయిలోనో ఇంగ్లీషులోనో రాయండి, తప్పులేదు. ఆ జోకు చివర మాత్రం మేము చేయని పని మీరు చేయండి. అందులో ఉన్నవాళ్ల పేర్లు అడిగి రాసుకోండి.

మేము ఆలస్యంగానైనా అడిగాము. మా చిన్నతాత పేరు మా నాయనమ్మ చెప్పింది. మా ఇంట్లో ఏటా పెద్దలకు పెట్టేనాడు ఇప్పుడు ఆ పేరు కూడా తలుస్తున్నాము. తలిచినప్పుడు పిల్లలు గిన్నెలోని మెతుకుకు నమస్కారం పెట్టి కిసుక్కున నవ్వుతారు. మేము వద్దనటం లేదు.